ముగ్గురూ నాలుగో గదివాళ్లేనా?

వార్డెన్ సారుతో సంతకు వెళ్లే ముగ్గురి కోసం పోయిన ఆదివారం తీసిన చీటీల్లో ముగ్గురూ నాలుగో గదివాళ్లే వచ్చారు. చీటీలు తీసిన మూడో తరగతి తమ్ముణ్ణి "దొంగ" అని ఏడిపించారు. "మోసం లేకపోతే అట్లెట్లా వస్తాయి?" అని అడుగుతున్నారు. నాది రెండో గది. కాగితం మీద లెక్క వేసి చూశాను.

పెద్ద తరగతులవాళ్లం 60 మందిమి. గదికి పదిమంది, ఆరు గదులు. 60 మందిలో ముగ్గురి జట్లు 34,220 రకాలుగా కుదురుతాయి. అన్నీ నాలుగో గదివాళ్లే ఉండే జట్లు 120. అంటే సుమారు 285 సార్లకు ఒకసారి. "చూశావా మరి!" అంటారు. ఆగండి. ముగ్గురూ ఐదో గదివాళ్లయితే ఊరుకునేవాళ్లమా? ఏ గదైనా ఇదే గొడవ. కాబట్టి ఆరు గదులూ కలిపి లెక్కించాలి. అప్పుడు 720 జట్లు, సుమారు 47 సార్లకు ఒకసారి. పైగా మనం ప్రతి ఆదివారం 60 చీటీలూ వేసి తీస్తాం. ఏడాదికి 40 ఆదివారాలు అనుకుంటే, ఒక్కసారైనా ఇట్లా జరిగే అవకాశం సగం కంటే ఎక్కువే! మామూలుగా వచ్చిన వారాలు ఎవరికి గుర్తుంటాయి గనక?

అట్లాగని ఎప్పుడూ అనుమానించకూడదని కాదు. 1969 డిసెంబరు 1న అమెరికాలో, వియత్నాం యుద్ధకాలంలో, సైన్యంలోకి ఎవర్ని ముందు పిలవాలో పుట్టినరోజుల చీటీలు తీసి నిర్ణయించారు. 366 తేదీల్లో మొదటి 195 తేదీలవాళ్లకు పిలుపు వచ్చింది. డిసెంబరు తేదీలు 31లో 16, 17 రావాల్సింది, 26 వచ్చాయి. నవంబరూ ముందుకే జరిగింది. ఎందుకంటే జనవరి మొదలు నెలల వరసలో వేసి, సరిగ్గా కలపలేదు. అక్కడ వంకరకు కారణం కనిపిస్తున్నది. మన దగ్గర ఒకటో గది నుంచి వరసగా వేస్తాం. సరిగ్గా కలవకపోతే పైన ఉండాల్సింది ఆరో గది చీటీలు, నాలుగోవి కాదు. అందుకే తమ్ముడి తప్పేమీ లేదంటున్నాను.

అమెరికావాళ్లు 1970 జూలైలో మళ్లీ తీసినప్పుడు రెండు డ్రమ్ములు పెట్టారు, ఒకదాంట్లో తేదీలు, ఇంకోదాంట్లో నంబర్లు. మనకంత అక్కర్లేదు. కానీ మన రేకుడబ్బా ఇరుకు, ఎంత ఊపినా చీటీలు సరిగా తిరగవు. వార్డెన్ సారు ఒప్పుకుంటే, వచ్చే ఆదివారం వంటశాల నుంచి చాట తెచ్చి అందులో పోసి కలుపుదాం.