బ్రేకు గొట్టము – ప్రాణరక్షణ

ద్రవంపై కలిగిన ఒత్తిడి అన్ని దిక్కులకు సమంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రమే కారు బ్రేకులకు ఆధారం. చక్రాలు పైకీ క్రిందికీ కదలాడుతాయి కనుక ఆ ఒత్తిడిని వాటికి చేర్చేది వంగగల రబ్బరు గొట్టం. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ వంటి కార్లలో ముందు చక్రాలకు చెరొకటి, వెనుక ఇరుసుకు ఒకటి ఉంటాయి.

పైకి బాగున్నట్లు తోచినా, పాతబడిన గొట్టం లోపల ఉబ్బి దారి మూసుకొనిపోవచ్చు. అప్పుడు పెడల్ వదిలినా ద్రవం వెనుకకు రాక, డ్రమ్ములోని షూలు పట్టుకొనియే ఉండి వేడెక్కుతాయి. టెఫ్లాన్ గొట్టంపై ఉక్కుతీగ అల్లిన కొత్తరకం ఒత్తిడికి అంతగా సాగదు. పెడల్ గట్టిగా నిలుస్తుంది. అయితే అరిగిన షూలకు అది బలమివ్వదు.

మార్చేవారు వెనుకదానిని మరువక మూడింటినీ కలిపి మార్చి, ద్రవంలో చేరిన గాలిని పూర్తిగా తీయించాలి. కంటికి కనబడని లోపాన్ని ముందే వెదకి సరిదిద్దుటయే వివేకం.