పల్లేరుకాయల బస్తాలో ఇసుక ఎంత? ప్రయోగశాల చీటీపైనే ఇక బేరం
(మా వాణిజ్య విలేఖరి)

ఉప్పాడ: జాందానీ చీరలకూ, చేపల వేటకూ పేరుపడిన ఈ తీరంలో ఇసుకకు కొరత లేదు. అటువంటి ఇసుక నేలల్లో తనంత తానే మొలిచే పల్లేరు, మూలికల బజారులో గిరాకీ ఉన్న సరుకు. వైద్యులు దీనినే గోక్షురమంటారు. గోక్షురాది గుగ్గులులో వాడతారు. సరుకును చేత్తో పట్టి చూచి ధర కట్టే పద్ధతి ఇక చాలదు. తయారీదారు వాడే ముడిసరుకు అసలైనదై, నిర్ణీత నాణ్యం కలిగి ఉండాలని 2000లో వచ్చిన షెడ్యూల్ 'టి' నిబంధనలు చెబుతున్నాయి.

ఆయుర్వేద ఫార్మకోపియా పల్లేరుకాయకు విధించిన హద్దులు ఇవి: పరాయి పదార్థం 1 శాతం, మొత్తం బూడిద 15 శాతం, ఆమ్లంలో కరగని బూడిద 2 శాతం మించరాదు. ఆల్కహాలులో దిగే సారం 6 శాతానికీ, నీటిలో దిగే సారం 10 శాతానికీ తగ్గరాదు.

వర్తకుల లెక్కలో చెప్పాలంటే, 50 కిలోల బస్తాలో పుల్లలు, బెడ్డలు అన్నీ కలిపి అరకిలో దాటరాదు. ముళ్ల సందుల్లో ఇరుక్కున్న ఇసుక కంటికి ఆనదు. దానిని పట్టేది బూడిద పరీక్ష. మచ్చును కాల్చి, బూడిదను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగించి, కరగక మిగిలినదాన్ని తూస్తారు. ఆ మిగులు ముఖ్యంగా ఇసుకే. 2 శాతమంటే బస్తాకు ఒక కిలో. సారం తక్కువగా తేలితే సరుకు పాతదో, ఒకసారి సారం తీసి ఎండబెట్టినదో అయివుండవచ్చు.

పేరుతోనూ చిక్కు ఉన్నది. ఏనుగుపల్లేరు కూడా ఇటువంటి నేలల్లోనే పెరుగుతుంది. బజారులో అది బడా గోఖ్రూ, అసలుది ఛోటా గోఖ్రూ. రెండూ వేర్వేరు మొక్కలు. చిన్నపల్లేరు కాయ అయిదు పలుకులుగా విడుతుంది; ఏనుగుపల్లేరు కాయ నాలుగు పలకలుగా, నాలుగు ముళ్లతో ఉంటుంది. పచ్చి కొమ్మను నీటిలో తిప్పితే నీరు జిగురెక్కేది ఏనుగుపల్లేరు. కాయగా ఉన్నంతవరకు కన్ను చాలు. పొడి అయితే మైక్రోస్కోపు, క్రొమటోగ్రఫీ తప్పవు.

ఎగుమతికి మరొక మెట్టు. కేవలం మూలికలతో చేసిన ఆయుర్వేద మందులకు 2006 జనవరి 1 నుంచి భారలోహాల పరీక్ష తప్పనిసరి అయినది. పది లక్షల పాళ్లలో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పాళ్లకు మించరాదు.

ఈ పరీక్షల భారం చివరకు ఎవరిమీద పడుతుందన్నదే అసలు ప్రశ్న. ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్తా తిరిగివస్తే రానుపోను కిరాయి వర్తకునిది. తరువాతి వారం ఆ కోత దళారీ మీదుగా కాయలేరే కూలివానికి చేరుతుంది. ఇసుక అతనొక్కడే కలిపినది కాదు. ఆరబెట్టిన నేలా కలుపుతుంది. కనుక టార్పాలిన్ మీద ఆరబెట్టించి, జల్లెడ పట్టించి తూకం వేయడం మేలు. ఇసుక అడుగుకు దిగుతుంది గనుక బస్తా పైన, నడుమ, అడుగున మూడు చోట్ల మచ్చు తీసి, కలిపి, అందులో సగం ఇరుపక్షాల ముద్రతో భద్రపరచాలి. తగవు వచ్చిననాడు ఆ పొట్లమే సాక్షి.