సంఘం ల్యాప్‌టాప్: వేడి, ఫ్యాను మోత - తీసుకోవలసిన జాగ్రత్తలు

పాల సంఘాలలో ఒకప్పుడు కొలత, వెన్న శాతం, చెల్లింపు అన్నీ చేతితో రిజిస్టర్లలో వ్రాసేవారు. నేడు అనేక సంఘాలలో తూకం యంత్రాన్నీ, పాల పరీక్ష యంత్రాన్నీ ల్యాప్‌టాప్‌కు కలిపారు. సభ్యుని చేతికి వచ్చే చీటీలోని లీటర్లు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ దానినుండే వస్తాయి. కాబట్టి వరుసలో పది క్యాన్లు నిలిచి ఉండగా అది ఆగిపోతే కార్యదర్శికి చికాకు మాత్రమే కాదు, ఎండాకాలపు సాయంత్రం పూట క్యానులోని పాలు పులుపెక్కే ప్రమాదం కూడా ఉన్నది.

వేసవిలో మేము తనిఖీకి వెళ్ళినచోట తరచు వినే మాట ఒకటే: "మిషను కాలిపోతోందండీ, ఫ్యాను ఒకటే మోత." దీనికి కారణాలు ఏమిటో, సంఘం స్థాయిలోనే ఏమి చేయవచ్చునో ఇక్కడ వివరిస్తున్నాము.

వేడి ఎందుకు పుడుతుంది?

ల్యాప్‌టాప్‌లో లెక్కలు చేసే ముఖ్య భాగం ప్రాసెసరు. అది వాడుకున్న కరెంటు చివరకు వేడిగా మారుతుంది. ఆ వేడిని ఒక రాగి గొట్టం పలుచని రేకుల వరకు చేరవేస్తుంది. ఫ్యాను ఆ రేకులగుండా గాలిని నెట్టి వేడిని బయటకు పంపుతుంది. మన బల్క్ కూలరు కండెన్సరు పనిచేసే తీరు గుర్తు చేసుకొనండి. కండెన్సరు రేకులకు దుమ్ము పట్టితే పాలు 4 డిగ్రీలకు దిగడానికి ఎక్కువసేపు పడుతుంది కదా. ఇక్కడా అంతే.

వేడి సుమారు 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చీటీ ఆలస్యంగా రావడానికి ఇది ఒక కారణం. అప్పటికీ వేడి దిగకపోతే మిషను దానంతట అదే ఆగిపోతుంది. చాలా కంపెనీలు 35 డిగ్రీల వరకు ఉన్న గదిలో వాడుకకు తమ ల్యాప్‌టాపులను తయారు చేస్తాయి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 44, 45 డిగ్రీలు అరుదు కాదు. రేకుల షెడ్డులో పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు.

మోత ఏమి చెబుతుంది?

పని ఎక్కువైనప్పుడు గాలి హోరు పెరిగి, కొద్దిసేపటికి తగ్గితే భయం లేదు. ఏ పనీ లేనప్పుడు కూడా హోరు ఆగకపోతే దుమ్ము గాని, లోపల నడుస్తున్న వేరే ప్రోగ్రాము గాని కారణం. గరగరమనే శబ్దం వస్తే ఫ్యాను బేరింగు అరిగినట్లు అనుమానించాలి. మిషను కాలుతున్నా ఫ్యాను శబ్దమే లేకపోతే అది అన్నిటికన్న చెడ్డ సూచన. వెంటనే ఆపివేసి మెకానిక్కుకు చూపించాలి.

ఎక్కడ ఉంచాలి?

చాలా ల్యాప్‌టాపులు అడుగునుండి గాలి పీల్చి, పక్కనుండి లేక వెనుకనుండి వదులుతాయి. కాబట్టి గోనె సంచిమీద, తువ్వాలుమీద, రిజిస్టర్ల దొంతరమీద పెట్టరాదు. గట్టి బల్లపై ఉంచి, వెనుక అంచు కింద రెండు చెక్క ముక్కలు పెట్టి కొద్దిగా ఎత్తితే చాలు. గోడకు జానెడు దూరం ఉంచండి.

దాణా బస్తాలు ఉన్న గదిలోనే ల్యాప్‌టాపు ఉంచడం అనేక సంఘాలలో చూస్తున్నాము. తవుడు, దాణా పొడి రేకుల మధ్య పేరుకొని గాలిని అడ్డగిస్తాయి. బస్తాలను వేరే మూలకు మార్చడం ఖర్చులేని మరమ్మతు. చల్లదనం కోసం తడిగుడ్డ, ఐసు కింద పెట్టడం, కూలరు గాలిని నేరుగా మిషనుపైకి తిప్పడం కూడదు. లోపల తేమ చేరితే కలిగే నష్టం వేడివల్ల కలిగే నష్టానికి తక్కువ కాదు.

శుభ్రం చేయు విధానం

నెలకొకసారి, దాణా గది పక్కనైతే పదిహేను రోజులకొకసారి, మిషను పూర్తిగా ఆపి, చార్జరు తీసి, మెత్తని బ్రష్షుతో గాలి రంధ్రాలు తుడవాలి. చేతితో నొక్కే రబ్బరు బుడ్డితో కొద్దికొద్దిగా గాలి కొట్టవచ్చు. టైర్లకు గాలి పట్టే కంప్రెసరు వాడవద్దు. దాని వేగానికి ఫ్యాను రెక్కలు దెబ్బతినవచ్చు, గాలితోపాటు నీటి తుంపరలు కూడా రావచ్చు. మూత విప్పి శుభ్రం చేయడం, ప్రాసెసరుపై ఎండిన పేస్టు మార్చడం తెలిసిన మెకానిక్కు పని. గ్యారంటీ కాలంలో అయితే కంపెనీవారికే అప్పగించాలి.

మిషనులో సర్దుబాట్లు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడు కలిపి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజరు వస్తుంది. ఏ ప్రోగ్రాము ప్రాసెసరును ఎక్కువ వాడుతున్నదో అందులో కనబడుతుంది. పాల సేకరణ లెక్క మామూలుగా తేలికపాటి పని. సినిమాలు, ఆటలు, అక్కరలేని ప్రోగ్రాములు తొలగిస్తే సగం బాధ తీరుతుంది. పవర్ సెట్టింగులలో ప్రాసెసరు గరిష్ఠ స్థాయి 100 శాతం ఉన్నచోట 99 శాతానికి తగ్గిస్తే చాలా మిషన్లలో అదనపు వేగం ఆగి, వేడి, మోత రెండూ తగ్గుతాయి. ఆ వరుస కనబడని మిషన్లలో కరెంటు పొదుపు చేసే పవర్ మోడు ఎంచుకోవచ్చు. ఎప్పుడూ చార్జరుతోనే నడిచే మిషనులో వీలుంటే చార్జింగు 80 శాతం వద్ద ఆగునట్లు పెట్టాలి. వేడి, నిండు చార్జింగు రెండూ కలిసి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తాయి.

మీటల పలక గాని అడుగు మూత గాని ఉబ్బినట్లు కనబడితే బ్యాటరీ పాడైనదని గ్రహించాలి. చార్జింగు ఆపి, గుచ్చకుండా, నొక్కకుండా మెకానిక్కుకు అప్పగించాలి. నిప్పు అంటుకొనే ప్రమాదం ఉన్నది.

సభ్యులు అడగవలసినవి

ల్యాప్‌టాపు సంఘం సొమ్ము, అనగా సభ్యుల సొమ్ము. దానిని ఎప్పుడు శుభ్రం చేశారు, రోజువారీ లెక్కల నకలు పెన్‌డ్రైవులో తీసి వేరుగా ఉంచుతున్నారా, మిషను ఆగిన పూట వ్రాయడానికి రిజిస్టరు సిద్ధంగా ఉన్నదా అని సర్వసభ్య సమావేశంలో అడగడం మీ హక్కు. మిషను చెడితే మరొకటి కొనవచ్చు. పది రోజుల పాల లెక్క పోతే ఎవరికి ఎంత రావాలో తేల్చడం కష్టం, సంఘంమీద నమ్మకం సడలుతుంది. కావున ఎండలు ముదరకముందే పాలకవర్గాలు ఈ జాగ్రత్తలు అమలు చేయించవలసినదిగా కోరుతున్నాము.