మూగజీవులను చూసేవారిని మనం చూస్తున్నామా?



కిందటి వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం పాతికేళ్ల యువకుడు కుడిచేతికి తువ్వాలు చుట్టుకొని మా క్యాజువాలిటీకి వచ్చాడు. కుక్క కరిచింది. అతని బట్టల నుండి వాసన వస్తున్నదని బెంచీ మీదివారు పక్కకు జరిగారు. మేమూ తక్కువ చేయలేదు. "కాస్త బయట నిలబడు బాబూ" అన్నాము. "కుక్కల జోలికి ఎందుకు పోయావు?" అని కూడా అడిగాము.

"అది నా ఉద్యోగం సిస్టరమ్మా" అన్నాడతను.

అతను జంతువుల ఆశ్రమంలో పనివాడు. లారీ గుద్దిన కుక్కను రోడ్డు మీద నుండి ఎత్తబోతే అది కరిచింది. కట్టు కడుతున్నంతసేపూ అతనిది ఒకటే మాట: "తొందరగా పంపించండమ్మా, మూడు గంటలకు వాటికి అన్నం పెట్టాలి."

ఆ మాట విని మాకు సిగ్గు వేసింది. నొప్పిలో ఉన్న రోగి మమ్మల్ని తిట్టిన రోజులు ఎన్నో ఉన్నాయి. అది నొప్పి అంటున్న మాటేనని మా జూనియర్ సిస్టర్లకు చెబుతుంటాము. ఇతనికి ఆ సంగతి ఎవరూ నేర్పకుండానే తెలుసు.

గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగాము. రక్తం వచ్చింది కనుక గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, భుజానికి రేబిస్ టీకా ఇచ్చాము. 0, 3, 7, 14, 28 రోజులకు చీటీ రాసి ఇచ్చాము. మూడవ రోజు వచ్చాడు. "ఆ కుక్క ఎలా ఉంది?" అని అడిగితే, "నిన్న రాత్రి పోయిందమ్మా" అని తల దించుకున్నాడు.

ఏడవ రోజు అతను రాలేదు. కరిచిన కుక్క చనిపోతే టీకా అసలు మానకూడదు. రేబిస్ లక్షణాలు ఒకసారి కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. ఫోన్ చేశాము. తోటి పనివాడు ఊరికి వెళ్లాడట, బోనులు కడగడానికి మనిషి లేడట. "రేపు రాకపోతే మేమే అక్కడికి వస్తాము" అన్నాము. మరుసటి రోజు వచ్చాడు. అయిదు మోతాదులూ పూర్తి చేశాడు.

చివరి రోజున మా ఆయమ్మ అతన్ని లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చింది. వాసన వస్తున్నదని ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్నాడని, కుక్కలు పట్టేవాడికి పిల్లను ఎవరిస్తారని అమ్మ బాధపడుతున్నదని అప్పుడు చెప్పాడు. మొదటి రోజే మేము అడిగి ఉండవలసిన సంగతులు ఇవి.

ఇటువంటివారు మనకు ఏమి చేస్తున్నారో ఆలోచించండి. వీధికుక్కలను పట్టి, సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, గుర్తుగా చెవి అంచున చిన్న గాటు పెట్టి, పట్టిన చోటనే వదలడం 2001 నాటి నిబంధనలలో చేరింది. 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. 1992లో అక్కినేని అమల గారు ప్రారంభించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలలో ఎందరో పేరు తెలియని పనివారు ఈ పని చేస్తున్నారు. వారు వేయించే ఒక్కొక్క టీకా మన పిల్లలకు రక్షణే. అయినా కుక్కను పడితే "హింసిస్తున్నారు" అని ఒకరు, వదిలితే "మళ్లీ తెచ్చారు" అని ఇంకొకరు తిడతారు.

ఇతరుల బాధ చూసి చూసి మనసు అలసిపోవడానికి 'కంపాషన్ ఫెటీగ్' అని పేరు. 1992లో అమెరికాలోని ఒక నర్సింగ్ పత్రికలో ఈ మాటను నర్సుల గురించి వాడారు. ఇప్పుడు జంతువులను చూసేవారి గురించి కూడా వాడుతున్నారు. నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం, ఏమీ పట్టనట్లుండడం దీని గుర్తులు. ఒక్క మంచి మాట దీన్ని నయం చేయదు గానీ మోసే బరువు కొంత తగ్గిస్తుంది.

మనం చేయగలిగినవి:

1. వారు మీ వీధికి వస్తే మంచినీళ్లు ఇవ్వండి. పేరు అడిగి పలకరించండి.

2. పాత దుప్పట్లు, తువ్వాళ్లు, వార్తాపత్రికలు ఉతికి, కట్టగట్టి ఇవ్వండి. ఏమి కావాలో ముందుగా అడగండి.

3. కుక్కపిల్లలను గోనెసంచిలో వేసి రాత్రివేళ గేటు దగ్గర వదలకండి. వాటికి పార్వో ఉంటే లోపలి పిల్లలకూ సోకుతుంది. ఆ పిల్లలు చనిపోతే దుఃఖించేది ఆ పనివారే.

4. మీ ఇంటివారు ఎవరైనా ఈ పనిలో ఉంటే, కుక్క కరవకముందే 0, 7 రోజులలోను, 21 లేక 28వ రోజున ముందస్తు టీకా వేయించండి. తరువాత కరిచినా 0, 3 రోజులలో రెండు మోతాదులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం ఉండదు. గాయం కడగడం మాత్రం తప్పనిసరి.

5. ఎవరిని కరిచినా కారం, సున్నం, ఆకుపసరు పెట్టకండి. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం వద్దు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివరిలోనే ఆగిపోయింది.

మా వార్డుల పాత దుప్పట్లను ఉడికించి, ఆరబెట్టి ఆ ఆశ్రమానికి పంపుతున్నాము. తీసుకువెళ్లడానికి అతనే వస్తాడు. ఇప్పుడు అతన్ని ఎవరూ బయట నిలబెట్టడం లేదు.