పటములోని పెద్దలు

నడవ గోడకు వ్రేలాడు పటములను మనము దినమునకు పదిమార్లు చూచుచుందుము. కాని వాటిని చదువువారు అరుదు. కుర్చీలో కూర్చున్నవారు తాతగారు, ప్రక్కన నిలిచినవారు నాయనమ్మగారు అని చెప్పి ఊరకుందుము. అంతకు పై తరమువారి పటమైనచో, 'ఎవరో పెద్దలు' అను మాటతో సరిపెట్టుదుము. ఆ ముఖములకు పేర్లు చెప్పగలవారు ఇంటిలో తరచుగా ఒక్కరే ఉందురు. వారు గతించిన నాడు ఆ పటము మూగవోవును.

అట్టి పటములను పలికించుట యెట్లు? ఈ విషయమును గూర్చి, విశేషించి సముద్రము దాటి పోయిన తెలుగువారి పటములను గూర్చి, మేము ఇక్కడ నాలుగు మాటలు చెప్పదలచితిమి.

బానిసత్వము రద్దయిన తరువాత బ్రిటిషువారి చెరకు తోటలకు పనివారు కావలసివచ్చిరి. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాస్' అను ఓడ 36 మంది కూలీలను కలకత్తానుండి మారిషస్ ద్వీపమునకు చేర్చెను. అది మొదలు 1920 వరకు ఆ చిన్న ద్వీపమునకు సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా పోయిరి. వారిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములకు చెందిన తెలుగువారును ఉండిరి. 1839 నాటి తుపానులో దెబ్బతిన్న కోరంగి రేవునుండియే 1843లో 'కోరింగ పాకెట్' అను ఓడ తెలుగువారిని ఎక్కించుకొని ఆ ద్వీపమునకు బయలుదేరినది.

ఓడ దిగిన ప్రతి మనిషికిని ఒక సంఖ్య ఇచ్చిరి. పెద్ద పెద్ద పుస్తకములలో ఆ సంఖ్యకెదురుగా పేరు, వయస్సు, ఎత్తు, కులము, ఒంటిమీది పుట్టుమచ్చలు, జిల్లా, గ్రామము మొదలగునవి వ్రాసిరి. ఇన్ని గడులున్నను మన ఇంటిపేరునకు గడి లేదు. తెలుగువానికి ఇంటిపేరు ముందు, తన పేరు తరువాత అను సంగతి ఆ గుమాస్తాలకు పట్టలేదు. కనుక వచ్చినవాని సొంత పేరే అతని బిడ్డలకు ఇంటిపేరైనది. నేడు ఆ దేశమున అప్పాడూ, రామసామి, వెంకటసామి అను ఇంటిపేర్లు గల కుటుంబములున్నవి. అవి యన్నియు ఒకప్పుడు ఓడ దిగిన మనుష్యుల పేర్లే. ఇంటిపేరు పోయినదని వారిలో కొందరు విచారింతురు. కాని ఆ పేరులో తమ మూలపురుషుడు నిత్యము పిలువబడుచున్నాడనుటయు సత్యమే కదా!

ఇక పటముల మాట. 1860లలో మారిషస్ ప్రభుత్వము కూలీలకు ఛాయాచిత్రములు తీయించుట మొదలుపెట్టెను. ఇవి ముచ్చటకొరకు తీసినవి కావు. 1867లో వచ్చిన చట్టము ప్రకారము, మొదటి ఒప్పందము తీరిన 'పాత వలసదారు' ప్రతివాడును తన ఛాయాచిత్రము అంటించిన టిక్కెట్టును వెంట ఉంచుకొనవలెను. పోలీసు అడిగినపుడు చూపలేనిచో దేశదిమ్మరి యని పట్టి నిర్బంధించెడివారు. పోయిన టిక్కెట్టునకు మారుటిక్కెట్టు పొందుటకు రుసుము చెల్లింపవలసియుండెను. ఈ బాధలను సహింపలేక 1871లో తొమ్మిది వేలమందికి పైగా పాత వలసదారులు గవర్నరునకు మహజరు సమర్పించిరి. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తోటదారు దానిని వ్రాయుటలో వారికి తోడ్పడి, తోట యజమానుల ఆగ్రహమునకు పాత్రుడయ్యెను. ఆ మహజరు ఫలితముగా 1872లో రాయల్ కమిషను అను విచారణ సంఘము ఏర్పడి, 1875లో తన నివేదికను వెలువరించెను.

కావలికై తీసిన ఆ చిత్రములే నేడు మనుమలకు, మునిమనుమలకు పెన్నిధులైనవి. ఆ కాలమున మన గ్రామములలో వ్యవసాయ కూలీకి పటము తీయించుకొను స్తోమత యెక్కడిది? ఊరిలో నిలిచిపోయిన అన్నకు రూపము దక్కలేదు. ఓడ ఎక్కిన తమ్మునికి దక్కినది. అది దక్కుటకు అతడు చెల్లించిన వెల ఎంతటిదో మరువరాదు. పటములోని ముఖమున చిరునవ్వు లేదని నొచ్చుకొనువారు, ఆ పటము ఎవరి ఆజ్ఞపై, ఎందులకు తీయబడెనో తలచుకొనవలెను.

ఈ పుస్తకములును, చిత్రములును మారిషస్ లోని మోకా పట్టణమున మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. 2015లో యునెస్కో ఈ పత్రములను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది. వంశము వెదకువారు తమ జనన పత్రముతో ప్రారంభించి, తండ్రి, తాత, ముత్తాతల జనన వివాహ మరణ పత్రములను మెట్టు మెట్టుగా సేకరించి, ఓడ దిగిన మనిషి సంఖ్యను పట్టుకొనవలెను. సంఖ్య దొరికినచో గ్రామము పేరును, అదృష్టమున్నచో ముఖమును దొరకును.

అయితే గ్రామము పేరు దొరికినంతమాత్రమున గ్రామము దొరకదు. తెలుగు పేరును విని ఆంగ్లమున వ్రాసిన గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసెను. కావున ఆ పేరును కంటితో చదువక, పైకి పలికి చెవితో వినవలెను. జిల్లాల పేర్లును మారినవి. రాజమండ్రి జిల్లా యని యున్నచో అది 1859కి పూర్వపు విభాగము. ఆ యేటనే గోదావరి, కృష్ణా జిల్లాలు ఏర్పడినవి. గంజాము అని యున్నంతమాత్రమున ఒరిస్సావాడని తలంపరాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు గంజాములోని కొన్ని తెలుగు తాలూకాలు విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. 1950లో శ్రీకాకుళము జిల్లా వేరుపడినది. కనుక నాటి గంజాము మనిషి ఊరు నేటి శ్రీకాకుళము సీమలో నుండవచ్చును.

నాటాలుకు 1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడలో మద్రాసునుండి చేరిన మొదటి జట్టులోను, 1903 తరువాత దక్షిణ దేశమునుండి ఫిజీకి పోయినవారిలోను తెలుగువారుండిరి. వారికిని ఇట్టి పట్టికలు కలవు. బర్మాకు పోయినవారి కథ వేరు. అచ్చట 'కోరంగీలు' అని పిలువబడిన మనవారు చాలవరకు మేస్త్రీల వెంట పోయి వచ్చుచుండినవారు. వారికి మారిషస్ వలె మనిషి మనిషికి సంఖ్యలు లేవు. 1942లో యుద్ధభీతిచే కాలినడకను వచ్చినవారు కాగితములను తేగలిగినది తక్కువ. అట్టి ఇండ్లలో రంగూనులో తీయించి ఇంటికి పంపిన పటమొక్కటే సాక్ష్యము కావచ్చును. అట్ట క్రిందనో వెనుకనో ముద్రించిన స్టూడియో పేరును, వీధిని తప్పక చూడుడు.

పాత పటమున చదువదగినవి మరికొన్ని కలవు. పలుచని కాగితముపై పసుపు గోధుమ వన్నెలో నుండి, రెండున్నర అంగుళముల వెడల్పు, నాలుగంగుళముల పొడవు గల అట్టకు అంటించినదైనచో అది పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధము నాటిది కావచ్చును. అంచులయందు వెండిపూత వలె మెరయుచున్నచో దాని తరువాతి పద్ధతికి చెందినది. వెనుక నున్న మేడలును, ఉద్యానములును తెరమీది బొమ్మలు. కోటును, గడియారమును ఒక్కొక్కప్పుడు స్టూడియోవారివే. కాబట్టి వాటినిబట్టి సంపదను లెక్కింపరాదు. చేతులను చూడుడు. చేతులు అబద్ధమాడవు.

పటమును అట్టనుండి ఊడదీయకుడు. సిరాతో వ్రాయకుడు. వెనుక అంచున మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, బంధుత్వము, చెప్పినవారి పేరు వ్రాయుడు. చెమ్మగోడకు తగిలింపకుడు. అన్నిటికంటె ముందు, ఇంటిలోని పెద్దవారి చెంత కూర్చుండి పటమును వారి చేతికిండు. 'వీరెవరు?' అని మాత్రమే అడుగక, 'వీరిని ఎవరు ఏమని పిలిచెడివారు?' అని అడుగుడు. పుస్తకములలో లేని పేర్లు అప్పుడు బయటపడును.

సముద్రమున కావలి యొడ్డున ఒకరు తమ ముత్తాత ముఖమును చేతబట్టి ఊరిని వెదకుచుందురు. ఈవలి యొడ్డున మన యిండ్లలో, 'ఓడెక్కి పోయినాడు, మరల రాలేదు' అను ఒక్క మాట తరతరములుగా నిలిచియుండును. ఆ మాటను వ్రాసిపెట్టుడు. ఏనాడైనను ఆ ముఖమును ఈ మాటయు కలిసికొనవచ్చును.