టీకా - తాత్పర్యం

"ఆదివారం రాలేనండి మాస్టారూ, పిల్లలకు టీకాలు వేయించాలి" అన్నాడు నా పాత శిష్యుడొకడు, బందరు బస్టాండులో కనబడి.

"మంచిదే. ఇంతకూ నీకు పిల్లలెంతమందోయ్?"

"మూడు వేలండి!"

నా ముఖం చూసి అతనే నవ్వి విషయం చెప్పాడు. బి.ఏ. అయ్యాక కొన్నాళ్ళు ఉద్యోగం కోసం తిరిగి, విసుగెత్తి, దివిసీమలో అవనిగడ్డ దగ్గర సొంత చేలో కోళ్ళ షెడ్డు వేశాడట. పిల్లలంటే కోడిపిల్లలు!

తెలుగు పాఠం చెప్పుకుని బతికే నాకు తెలిసిన టీకా వేరు. పద్యం కింద రాస్తే అది టీకా. దాని కింద తాత్పర్యం. మందు టీకా హిందీలోనుంచి వచ్చింది. అక్కడ టీకా అంటే బొట్టు. కోడిపిల్లకు బొట్టెలా పెడతారో చూద్దామని ఆ ఆదివారమే బయలుదేరి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా వాళ్ళ ఊరు చేరాను.

షెడ్డులో వరి ఊక పరిచి ఉంది. దానిమీద పసుపుపచ్చని ముద్దలు పరుగులు పెడుతున్నాయి. వీటినే మనవాళ్ళు "బాయిలర్ కోళ్ళు" అంటారు. అసలు మాట బ్రాయిలర్. రైసుమిల్లుల దేశం గదా, బాయిలర్ మనకు అలవాటైన మాట! పుట్టినప్పుడు నలభై గ్రాముల పిల్ల ఆరు వారాలు తిరిగేసరికి రెండు కిలోలు దాటుతుంది. దాని ఆయుర్దాయమూ అంతే. పిల్లల్నీ, మేతనూ, మందుల్నీ ఒక కంపెనీ ఇస్తుంది. షెడ్డూ, కరెంటూ, రాత్రి జాగారమూ ఇతనివి. బరువును బట్టి డబ్బు. పిల్ల చస్తే ఆ మేరకు కష్టం గంగలో కలిసినట్టే.

ఏడో రోజు పిల్లలకు ఒక్కొక్కదానికే కంట్లో చుక్క వేశారు. అది కొక్కెర తెగులుకు టీకా. పధ్నాలుగో రోజున మరొకటి, గంబోరో జబ్బుకు.

"ఇన్ని చేస్తున్నావు, ఇక నీకు భయమేమిటోయ్?" అన్నాను.

"కిందటేడు కూడా ఇవన్నీ వేశానండి. అయినా వానల్లో నాలుగో వంతు పోయాయి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతను నావైపు చూడలేదు. షెడ్డు మీద బ్యాంకు అప్పుంది; వాళ్ళావిడ గాజులు అప్పుడే తాకట్టుకు వెళ్ళాయట.

చచ్చిన కోళ్ళను సంచీలో వేసుకుని గుడివాడలో ఒక పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తాడట. ఆయన కోసి చూపించాడు. గుండె మీదా, కాలేయం మీదా పాల మీది మీగడలాగా తెల్లని పొర. అది ఇ. కోలై అనే బాక్టీరియా పని. కొక్కెర తెగులూ, గంబోరో వైరస్ జబ్బులు. వాటి టీకా దీన్ని ఆపదు. ఈ క్రిమి ఎక్కడినుంచో ఊడిపడదు. కోళ్ళ పేగుల్లోనూ, మన పేగుల్లోనూ ఎప్పుడూ ఉండేదే. అందులో కొన్ని రకాలు మాత్రం సందు దొరికితే ఇంటిదొంగలవుతాయి. వానకు ఊక తడుస్తుంది. తడిసిన ఊకలో రెట్ట కుళ్ళి అమ్మోనియా ఘాటు లేస్తుంది. ఆ ఘాటుకు కోడి గొంతులోని సన్నని పొర దెబ్బతింటుంది. దొంగకు తలుపు తెరిచినట్టే.

మరి దానికీ టీకా వేయరాదా? విచిత్రమేమంటే, ప్రయోగశాలలో బలహీనపరిచిన క్రిమితో తయారైన మొట్టమొదటి టీకా కోళ్ళకే, అదీ బాక్టీరియా జబ్బుకే! 1879లో ఫ్రాన్సులో పాశ్చర్ పండితుడు కోళ్ళ కలరా క్రిమిని పెంచుతున్నాడు. చాలాకాలం నిలవ ఉన్న క్రిమిని పొడిస్తే కోళ్ళు కాస్త నలతపడి తేరుకున్నాయి. వాటికే తర్వాత తాజా క్రిమిని పొడిచినా చావలేదు. ముసలి క్రిమి పాఠం చెప్పింది, కోడి నేర్చుకుంది. 1796లో జెన్నరు ఆవు మశూచితో మనుషుల్ని కాపాడాడు గనుక, ఆయన గౌరవార్థం పాశ్చర్ ఇలాంటి మందులన్నిటికీ వాక్సీను అన్న పేరే ఖాయం చేశాడు. ఆ మాటకు మూలం లాటిన్‌లో ఆవు. పేరు ఆవుకు దక్కింది. పని చేసిన కోడికి పులుసు దక్కింది!

మన రైతులకు ఇది కొత్తేమీ కాదు. తొలకరికి ముందు గేదెలకు గొంతువాపు టీకా వేయించడం దివిసీమలో అందరికీ తెలుసు. ఆ గొంతువాపు క్రిమీ, పాశ్చర్ కోళ్ళ కలరా క్రిమీ ఒకే జాతివి. పాశ్చర్ పేరే దానికి పెట్టారు.

అయితే బ్రాయిలర్ విషయంలో చిక్కుంది. చంపిన క్రిమితో చేసిన టీకా పట్టు ఇవ్వడానికి రెండు మూడు వారాలు కావాలి. ఆరు వారాల బతుకులో అది సగం. పైగా ఇ. కోలైలో ఎన్నో రకాలు. ఒకదాని టీకా మరొకదానికి పనికిరాకపోవచ్చు. ఈ చిక్కులో ఎదురుగా సులువైన దారి కనబడింది. అది యాంటీబయాటిక్కు.

ఆ దారి కథలో మన తెలుగువాడి పేరు కూడా వస్తుంది. గుడివాడలో రైలెక్కితే అట్టే దూరం లేని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు డైరెక్టరుగా ఉండగా ఆరియోమైసిన్ బయటపడింది. ఎందరి ప్రాణాలనో కాపాడిన మందు. ఆయన 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆ తర్వాత అక్కడి శాస్త్రజ్ఞులే, ఆ మందు తయారుచేయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి త్వరగా పెరుగుతున్నాయని కనిపెట్టి, 1950లో లోకానికి చెప్పారు. అంతే! రోగికి గ్రాములలో ఇవ్వవలసిన మందు మేతలో టన్నులలో కలిసింది.

రోజూ కొంచెం కొంచెంగా మందు తిన్నచోట, ఆ మందుకు లొంగని క్రిములే బతికి పిల్లల్ని పెడతాయి. ఈ సంగతి నాకు పుస్తకంలో కాదు, ఇంట్లో తెలిసింది. కిందటేడు మా అమ్మకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి చలిజ్వరం పట్టుకుంది. మాత్రలు పనిచేయలేదు. పరీక్ష కాగితంలో మందుల జాబితా పొడుగునా, సగానికిపైగా పేర్లకు ఎదురుగా "పనిచేయదు" అని ఉంది. క్రిమి పేరు ఇ. కోలై. "ఇది కోడినుంచి వచ్చిందో, మనం అయినదానికీ కానిదానికీ మింగే మాత్రలవల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరండీ" అన్నాడు డాక్టరు. వారం రోజులు సూదులు పొడిపించుకుని అమ్మ బయటపడింది.

అందుకే లోకం మళ్ళీ పాశ్చర్ దారికి వస్తున్నది. నార్వేలో 1987లో పెంపకం చేపలకు సుమారు 48 టన్నుల యాంటీబయాటిక్కులు వాడారు. చేపలకు బాక్టీరియా టీకాలు వచ్చాక, 1996 నాటికి అది ఒక టన్నుకు దిగింది. చేపల దిగుబడి మాత్రం పెరిగింది. చేపలచెరువుల గుడివాడవారు గమనించవలసిన లెక్క ఇది. యూరపులో పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్కు కలపడాన్ని 2006 నుంచి నిషేధించారు. మన దేశంలో 2019లో కొలిస్టిన్ అనే మందును పశువులకూ కోళ్ళకూ వాడరాదని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. మనుషులకు వేరే దిక్కులేనప్పుడు ఇచ్చే మందు అది.

బ్రాయిలర్ చిక్కుకు రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, గుడ్లుపెట్టే తల్లికోళ్ళకు టీకా వేయడం. తల్లి సంపాదించిన రక్షణ గుడ్డు సొనలోనుంచి పిల్లకు చేరి మొదటి వారాలు కాపాడుతుంది. రెండు, బలహీనపరిచిన సజీవ క్రిమిని పుట్టిన రోజునే పిల్లలమీద తుంపరగా చల్లడం. కొన్ని దేశాలలో ఇది వాడుకలో ఉంది. కాని సజీవ టీకా ఇచ్చేవేళ యాంటీబయాటిక్కు తాగిస్తే టీకాయే చస్తుంది. రెండు పడవలమీద కాళ్ళు పెట్టడం కుదరదు. ఏ టీకా వేసినా, ఊక పొడిగా ఉండాలి, గాలి ఆడాలి. అది మాఫీ లేని అప్పు.

నా శిష్యుడు ఈసారి వానలకు ముందే షెడ్డు చూరు పొడిగించాడు. రోజూ ఊక తిరగవేశాడు. పిల్లల్ని దింపడానికి వచ్చిన కంపెనీ వాళ్ళను, తల్లికోళ్ళకు ఏయే టీకాలు వేశారో కాగితం అడిగాడు. "ఇంతవరకు ఎవరూ అడగలేదే!" అని వాళ్ళు నవ్వారట. వారం తర్వాత కాగితం వచ్చిందట. వానలు పోయాక బందరు వచ్చి, "ఈసారి పెద్దగా పోలేదండి మాస్టారూ. నీళ్ళలో మందు కూడా కలపలేదు. గాజులు ఇంకా విడిపించలేదనుకోండి" అన్నాడు.

లోపల మంచంమీద కూర్చున్న మా అమ్మ ఇదంతా విన్నది.

"అయితే అబ్బాయీ, నువ్వు కోళ్ళకి మందు తగ్గిస్తే అది నాకు మిగిలిందన్నమాట!" అన్నది.

ఇన్నేళ్ళుగా తాత్పర్యాలు చెబుతున్నాను. ఇంత చక్కగా నేనెప్పుడూ చెప్పలేదు.