మీ ఇంట్లో కిలో ఉప్పు ఎన్ని రోజులు వస్తోంది?

వంటింట్లో ఉన్న ఉప్పు పేకెట్ ఏ రోజున విప్పారో మీకు గుర్తుందా? చాలామందికి గుర్తుండదు. కాని మీ ఇంటి ఆరోగ్యం గురించి ఆ పేకెట్ చాలా చెబుతుంది.

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే ఒక టీ చెంచాకు కొంచెం తక్కువ. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి రోజుకు 20 గ్రాములు. ఈ లెక్కన కిలో పేకెట్ 50 రోజులైనా రావాలి. ఆవకాయ, ఎండు చేపలు, అప్పడాలు, మిక్చర్లలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే.

ఉప్పు ఎక్కువైతే బి.పి. పెరుగుతుంది. బి.పి.కి నొప్పి ఉండదు. మనకు తెలియకుండానే గుండె, మెదడు, కిడ్నీలను దెబ్బతీస్తుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుదిపేసిందో మీకు తెలుసు. అక్కడి జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. ఉప్పే కారణమని మేము చెప్పడం లేదు. అయితే కిడ్నీ ఏ కారణంతో బలహీనపడినా, దానికి బి.పి., షుగరు తోడైతే త్వరగా పాడవుతుంది. వీటిని అదుపులో ఉంచుకోవడం చాలావరకు మన చేతిలో ఉంది.

ఈ అలవాట్లు చేసుకోండి:

1. పేకెట్ విప్పిన తేదీ దానిమీదే రాయండి. ఉప్పు కొద్దికొద్దిగా తగ్గించండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. ఎండు చేపలను నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండండి.

2. మూడు పూటలా అన్నమే కాకుండా ఒక పూట చోడి అంబలి తాగండి. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. షుగరు ఉన్నవారు అంబలి అయినా కొలత ప్రకారమే తాగాలి.

3. పళ్ళెంలో అన్నం తగ్గించి, కూర, పప్పు, ఆకుకూర పెంచండి.

4. వారానికి 5 రోజులు, రోజుకు 30 నిమిషాలు చురుగ్గా నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. పొలం పని చేసేవారికి ఆ శ్రమ కూడా వ్యాయామమే. కొట్లో, కుట్టుమిషను దగ్గర, ఆటోలో కూర్చునే వారికి నడక తప్పనిసరి. ఎండ ముదరక ముందే నడవండి.

5. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో మీ అంతట మీరు బిళ్ళలు కొని రోజూ మింగవద్దు. వాటిలో కొన్ని కిడ్నీలకు హాని చేస్తాయి.

ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆకుకూరలు, పళ్ళు, చోళ్ళు ఎంత తినాలో, నీరు ఎంత తాగాలో డాక్టరుగారిని అడగండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. అడగకుండా వాడవద్దు.

30 ఏళ్ళు దాటినవారు ఏడాదికొకసారి బి.పి., షుగరు చూపించుకోండి. మందులు వాడుతున్నవారు, ఒంట్లో బాగుందని వాటిని మానకండి.